పవర్ ట్యూబులు మార్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ గిటార్ యాంప్ గొంతు మందగించింది, లోపల వెలిగే గాజు ట్యూబుల్లో ఏవి కొనమంటావని అడిగావు. పాడైంది స్పీకర్‌ని నడిపే పెద్ద పవర్ ట్యూబులేనా అన్నది ముందు తేల్చుకో. చిటపటలు, ఈలలు చాలాసార్లు గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్న ప్రీయాంప్ ట్యూబుల పని. పవర్ ట్యూబులు అరిగితే లావు తీగల్లో బిగి పోతుంది, గట్టిగా వాయిస్తే స్వరం ముద్దగా వస్తుంది. మెల్లమెల్లగా జరుగుతుంది కాబట్టి రోజూ వాయించేవాడికి ఓ పట్టాన తెలీదు.

ఏ రకం అన్నది నీ ఇష్టం కాదు, యాంప్ ఇష్టం. ఈఎల్34, 6ఎల్6 అనే రెండు రకాల పవర్ ట్యూబులకీ సాకెట్ ఒకటే కదా అని ఒకదాని చోట ఇంకోటి గుచ్చేయకు. 6ఎల్6 లోపల వేడెక్కే తీగ, అంటే హీటర్, 0.9 ఆంపియర్లు లాగితే ఈఎల్34 హీటర్ 1.5 లాగుతుంది. నాలుగు ట్యూబుల యాంప్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద 2.4 ఆంపియర్ల అదనపు బరువు! పైగా ఈఎల్34లో ఒకటో పిన్నుకి లోపల గ్రిడ్ అనే సన్నటి తీగల జాలీ కలిసి ఉంటుంది. చాలా ఫెండర్ యాంపుల్లో సాకెట్ మీది ఆ పిన్నుని రెసిస్టర్ అతికించడానికి వాడుకున్నారు. అది తెలియకుండా మారిస్తే చిక్కే.

బ్రాండు గురించి మరీ బుర్ర పాడుచేసుకోకు. సోవ్‌టెక్, ఎలక్ట్రో-హార్మోనిక్స్, టంగ్-సోల్ అని వేర్వేరు పేర్లతో అమ్మేవి రష్యాలోని సరటోవ్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారైనవే. పాత స్టాకు అంటూ అమ్మేవాటిలో పేరు చెరిపి కొత్తగా అచ్చేసినవీ ఉంటాయి. ఆ డబ్బు కొలిచి జత కలిపిన ట్యూబులకి పెట్టు. రెండు ట్యూబులు వంతులవారీగా పనిచేసే పుష్-పుల్ యాంపులో రెండూ సమానంగా లాగకపోతే గుంయ్‌మనే హమ్ పెరుగుతుంది, ఒకటి రెండోదాని చాకిరీ కూడా చేస్తుంది. అందుకే ఒకటి పోయినా రెండూ మార్చాలి.

ఇక బయాస్, అంటే ఏమీ వాయించనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో కుదర్చడం. నన్నడిగితే అసలు విషయం ఇదే. బయాస్ కుదరకపోతే ఎంత ఖరీదైన ట్యూబైనా దండగే. వోక్స్ ఏసీ30 లాంటి, బయాస్ దానంతటదే కుదురుకునే క్యాథోడ్ బయాస్ యాంపుల్లో సరిచేసే పని లేదు. సర్దే వీలున్న ఫిక్స్‌డ్ బయాస్ యాంపులో మాత్రం ట్యూబులు మార్చిన ప్రతిసారీ చూడాలి. ఈఎల్34లో ఎలక్ట్రాన్లు వచ్చి తాకే లోహపు రేకు, అంటే ప్లేటు, తట్టుకునేది 25 వాట్లు. అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు దాటకుండా ఉంచడం వాడుక. ప్లేటు దగ్గర 450 వోల్టులుంటే లెక్కకి ఒక్కో ట్యూబుకి 39 మిల్లీ ఆంపియర్లు. ఎలక్ట్రాన్లు బయల్దేరే క్యాథోడ్ దగ్గర కొలిస్తే అందులో స్క్రీన్ అనే మరో గ్రిడ్ కరెంటు కూడా కలిసి ఉంటుందని గుర్తుపెట్టుకో. నేనైతే 35 దగ్గరే ఆపేస్తాను. మరీ తగ్గిస్తే స్వరం పలచబడి గరగరలాడుతుంది.

ఈ కొలత నువ్వు తీయొద్దు, టెక్నీషియన్‌కి ఇవ్వు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది. ఈ ఒక్క మాటలో మొహమాటం లేదురా.

నువ్వు చేయగలిగింది చూడటం. గదిలో లైటు ఆర్పి యాంప్ వెనక్కి వెళ్లు. మధ్యలో నారింజ రంగు హీటరు వెలుగు మామూలే. గాజు లోపలి గోడ మీద నీలిరంగు మెరుపు చూసి టెన్షన్ పడకు, దాని వల్ల నష్టం లేదు. కానీ బూడిదరంగు ప్లేటు మీద ఎర్రటి మచ్చ కనపడి వెడల్పవుతుంటే వెంటనే ఆపెయ్. బయాస్ వోల్టేజి రావడం లేదో, ట్యూబు చెడిందో. ట్యూబు పైభాగాన వెండిలా మెరిసే పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరినట్టే, పారేయాల్సిందే.

స్పీకర్ తగిలించకుండా యాంప్ ఎప్పుడూ ఆన్ చేయకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ట్యూబుల ఖర్చు చాలా చిన్నదనిపిస్తుంది. వాయించడం అయ్యాక గాజు చల్లారనిచ్చి అప్పుడు కదుపు. ట్యూబు తీసేటప్పుడు గాజు కాకుండా కింది దిమ్మ పట్టుకుని కొంచెం కొంచెం అటూ ఇటూ ఊపుతూ లాగు. ఫ్యూజు పోతే అదే రేటింగుది వెయ్యి. అది కూడా పోతే మూడోది వెయ్యకు, రిపేరుకి ఇవ్వు.

ముందు ఆ చీకటి గది పరీక్ష చేసి, యాంప్ మోడలూ ట్యూబుల మీది నంబర్లూ రాసి పంపు. అప్పటిదాకా ఏదీ ఆర్డరు పెట్టకు.

మీ మావయ్య