పొలం అమ్మిన డబ్బుతో అమెరికా ఇన్వెస్టర్ వీసా వస్తుందా?

గుంటూరు దగ్గర పొలం అమ్మి అబ్బాయికి ఈబీ-5 (పెట్టుబడితో గ్రీన్‌కార్డు ఇచ్చే వీసా) చేయించాలా, తక్కువ పెట్టుబడితో అయ్యే ఈ-2 (తాత్కాలిక ఇన్వెస్టర్ వీసా) నయమా అన్నది ప్రశ్న.

ఈ-2 మాట మరచిపోండి. అది అమెరికాతో వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే, ఆ జాబితాలో భారత్ లేదు. ఈబీ-5కి గ్రామీణ లేదా నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతంలో 8 లక్షల డాలర్లు, మిగతాచోట్ల 10.5 లక్షలు పెట్టాలి, 10 పూర్తికాలపు ఉద్యోగాలు రావాలి.

అసలు చిక్కు డబ్బు ఎక్కడిదో చూపించడంలో. మన దగ్గర దస్తావేజులో రాసేది ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి కదా! దస్తావేజులో చూపకుండా పైన తీసుకున్న నగదు ఇక్కడ పనికిరాదు. పొలం కొన్ననాటి దస్తావేజు, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు చూపే ధ్రువపత్రం), పాస్‌బుక్, అమ్మకపు దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు గొలుసులా కలవాలి. తండ్రి డబ్బయితే గిఫ్ట్ డీడ్ కూడా.

పంపడానికి ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లు. భార్యాభర్తలిద్దరే అయితే 8 లక్షల డాలర్ల పెట్టుబడికి మార్చిలో 5 లక్షలు, ఏప్రిల్‌లో మిగతా 3 లక్షలు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ సొమ్ము అదనంగా చేతిలో ఉండాలి.