శుక్రవారం రాత్రి పన్నెండున్నర ఏ రోజు కింద లెక్క?

ప్రశ్న: మేడమ్, నేనూ మా తమ్ముడూ కలిసి బాక్స్ క్రికెట్ గ్రౌండ్ నడుపుతున్నాం. పొద్దున ఆరు నుంచి రాత్రి రెండు దాకా. సోమ నుంచి శుక్ర వరకు సాయంత్రం ఆరు లోపు గంటకు 600, ఆ తర్వాత 900. శని, ఆదివారాల్లో ఎప్పుడైనా 1,000. ఎక్సెల్‌లో ‘ఏ’ కాలమ్‌లో తేదీ, బీలో మొదలు, సీలో ముగింపు వేసి =ఇఫ్(బీ2>18,900,600) అని రాశాను. ఎప్పుడు ఆడినా 600 చూపిస్తోంది. రాత్రి 11 నుంచి 1 దాకా ఆడితే గంటల గడిలో ##### పడుతోంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు 18 అంటే సాయంత్రం ఆరు అనుకున్నారు, ఎక్సెల్ పద్దెనిమిది రోజులు అనుకుంది. దానికి రోజంటే 1. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని తేదీలన్నీ అక్కణ్నుంచి లెక్కేసుకుంటూ వస్తుంది. టైము ఆ ఒకటిలో ముక్క: పొద్దున ఆరు 0.25, సాయంత్రం ఆరు 0.75. ముప్పావు ఎన్నడూ పద్దెనిమిదిని దాటదు కాబట్టి మీ గ్రౌండులో అందరికీ 600 బేరమే. 18 తీసేసి టైమ్(18,0,0) పెట్టండి. > బదులు >= రాయండి, లేకపోతే సరిగ్గా ఆరింటికి దిగే జట్టు పగటి రేటుకే ఆడిపోతుంది.

ఒంటిగంటలోంచి రాత్రి పదకొండు తీసేస్తే మైనస్ వస్తుంది. మైనస్ టైమును ఎక్సెల్ చూపించలేదు, గడి నిండా ##### పెట్టేస్తుంది. =మాడ్(సీ2-బీ2,1)*24 అని రాసి, గడి ఫార్మాట్‌ను నంబరుకు మార్చండి. మాడ్ ఆ మైనస్‌కి ఒక రోజు కలిపేస్తుంది, 2 వస్తుంది. స్పిన్నింగ్ మిల్లులో జీతాలు చూసినన్నాళ్లూ నైట్ షిఫ్టు గంటలు నేను ఇలాగే తీసేదాన్ని.

అసలు చిక్కు మీరు అడగని చోట ఉంది. ఫోను చేసి ‘శుక్రవారం రాత్రి పన్నెండున్నరకి’ అంటారు. మనకి తెల్లారితేగానీ వారం మారదు. ఎక్సెల్‌కి మాత్రం అప్పటికే శనివారం, 1,000 వేసేస్తుంది. ఏ రేటు తీసుకోవాలో మీరూ మీ తమ్ముడూ తేల్చుకోవాలి, ఫార్ములా తేల్చదు. నన్నడిగితే శుక్రవారమే. మిల్లులో రాత్రి షిఫ్టు ఎప్పుడు మొదలైతే ఆ రోజు హాజరే.

అలా అయితే తెల్లవారి ఐదింటికి రోజు మారినట్టు లెక్క పెట్టండి, ఆ టైముకి మీ గేటు ఎలాగూ మూసే ఉంటుంది. ‘ఏ’ కాలమ్‌లో మాత్రం క్యాలెండర్ తేదీనే వేయండి, అంటే శుక్రవారం రాత్రి పన్నెండున్నరకి శనివారం తేదీ. డీ2లో =ఏ2+(బీ2-టైమ్(5,0,0)). ఈ2లో పైన చెప్పిన గంటల ఫార్ములా. ఐదు నుంచి లెక్కిస్తే సాయంత్రం ఆరు పదమూడో గంట కాబట్టి, ఎఫ్2లో పగటి గంటలు:

=మ్యాక్స్(0,మిన్(ఈ2,13-మాడ్(డీ2,1)*24))

జీ2లో డబ్బు:

=రౌండ్(ఇఫ్(వీక్‌డే(డీ2,2)>5,ఈ2*1000,ఎఫ్2*600+(ఈ2-ఎఫ్2)*900),0)

సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఆడినవాళ్లకి ఒక గంట 600, ఒక గంట 900, మొత్తం 1,500 పడుతుంది. వీక్‌డేలో ఆ 2 మరిచిపోవద్దు, సోమవారాన్ని 1గా లెక్కపెట్టమని చెప్పేది అదే. అది లేకపోతే ఆదివారం 1, శుక్రవారం 6 అవుతాయి. శుక్రవారం వాళ్లు వెయ్యి కట్టి, ఆదివారం వాళ్లు తక్కువకి ఆడతారు.

కౌంటర్లో కూర్చునే అబ్బాయికి ఒక మాట చెప్పండి. మనం కాగితం మీద 6.30 అని చుక్క పెట్టి రాస్తాం. ఎక్సెల్‌లో అది ఆరు రోజుల ఏడు గంటల పన్నెండు నిమిషాలు. 18:30 అని కొట్టాలి. 6:30 పీఎం అనే కొడతానంటే పీఎంకి ముందు ఖాళీ వదలాలి, లేకపోతే అది టైము కాదు, ఉత్త అక్షరాలు. వెడల్పైన గడిలో ఎడమ పక్కకి అంటుకుని కనిపిస్తే అనుమానించండి.

మొదలు టైము వేయడానికి నౌ() వాడకండి. షీటు లెక్క తిరిగినప్పుడల్లా మారిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, సెమికోలన్ కలిపి నొక్కితే అప్పటి టైము పడి అలాగే ఉంటుంది. షిఫ్ట్ లేకుండా నొక్కితే తేదీ.

రేట్లు పక్క షీటులో పెట్టుకుంటే మార్చడం తేలికే. కాకపోతే సంక్రాంతికి 900ని 1,100 చేస్తే డిసెంబరు బిల్లులూ పెరిగి కూర్చుంటాయి. నెల కాగానే జీ కాలమ్‌ను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అక్కడే అతికించేయండి.