నీళ్లు కొలిచాకే సాఫ్ట్‌వేర్

బుజ్జీకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఉద్యోగం మానేసింది, అంతా నీ పోలికే" అని గంటసేపు నన్ను తిట్టింది. బెంగళూరులో అంత జీతం వదులుకుని సోలార్ వాటర్ హీటర్ల డిజైన్ మొదలుపెడుతున్నావని విని నాకూ గుండె దడ వచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, మీ అత్తయ్య పడుకుందో లేదో చూసుకుని, అటక మీది పాత ఫైళ్ల పెట్టె దించుకుని కూర్చున్నాను. మదనపల్లెలో రెండు వందల మంది పిల్లల హాస్టల్ మొదటి పనిగా దొరికిందటగా. సిమ్యులేషన్‌కి, అదే, బిగించక ముందే కంప్యూటర్లో నడిపి చూసుకోడానికి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో మామయ్యని కనుక్కోమని మీ అమ్మతో అన్నావట. నన్నే అడిగితే ఏం పోయింది? తిడతాననా? తిడతాను. అయినా అడగాలి.

ముందు తేలిక సంగతులు. పీవీసిస్ట్ అనే సాఫ్ట్‌వేర్ కరెంటు తీసే ప్యానెళ్లకి, నీళ్లు కాచేవాటికి కాదు. అదే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు, వినకు. రెట్‌స్క్రీన్ కెనడా ప్రభుత్వానిది, నెలవారీ లెక్క. గిట్టుబాటవుతుందా లేదా అని ఒక పూటలో తేల్చుకోడానికి బాగుంటుంది. చూసుకోడం ఉచితమే, సేవ్ చేసుకోవాలంటే డబ్బు కట్టాలి. పాలీసన్ స్విట్జర్లాండ్‌ది, టీసాల్ జర్మనీది. రెండిట్లోనూ బొమ్మలతో సిస్టమ్ రెడీగా ఉంటుంది, లైసెన్స్‌కి మాత్రం బాగానే అవుతుంది. డెమో చూడకుండా కొనకు.

ఎన్‌ఆర్‌ఈఎల్ అనే అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల వాళ్లు చేసిన శామ్ పూర్తిగా ఉచితం, గంట గంటకీ లెక్క కడుతుంది. అయితే అందులో ఉన్న వాటర్ హీటర్ అమెరికా ఇళ్ల రకం: రెండు ట్యాంకులు, పంపు, గ్లైకాల్ అనే గడ్డకట్టని ద్రవం తిరిగే మూసిన లూపు. మన డాబాల మీద పంపు లేకుండా దానంతటదే తిరిగే థర్మోసైఫన్ దానికి తెలీదు. థర్మోసైఫన్ కావాలంటే ట్రన్సిస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో టైప్ 45 అని ఒక ముక్క ఉంది. ట్రన్సిస్ విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1975 నుంచీ పెరుగుతూ వచ్చిన మహావృక్షం. అన్నీ చేస్తుంది, నేర్చుకునేలోపు నీ పెట్టుబడి అయిపోతుంది. నీ ఎంటెక్ కాలేజీలో లైసెన్స్ ఉంటే అక్కడికెళ్లి కూర్చో.

ఇదంతా నువ్వు గంటలో వెతుక్కోగలవు. ఎవరికీ చెప్పని సంగతొకటి ఉంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

2004లో ఆదిలాబాద్ వైపు ఒక ఆడపిల్లల హాస్టల్‌కి డిజైన్ చేశాను. నూట యాభై మంది. ఒక్కొక్కరికి 40 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు, అంటే రోజుకి 3,000 లీటర్లు. కావలసిన వేడిలో ఎండ ఎంత వంతు ఇస్తుందో నెల నెలకీ చెప్పే ఎఫ్-చార్ట్ పద్ధతితో ఎక్సెల్‌లో నేనే ఒక షీటు అల్లుకున్నాను, అదంటే అప్పట్లో నాకు మహా గర్వం. ఆదిలాబాద్ ఎండ లెక్క చేతిలో లేక హైదరాబాద్‌ది వేశాను. వచ్చే నీళ్లు 25 డిగ్రీలు అని ఒక గడిలో కొట్టి, మౌసుతో పట్టుకుని కిందికి పన్నెండు నెలలకీ లాగేశాను. ఆ లాగిన చెయ్యి ఇప్పటికీ గుర్తొస్తుంది. రెండు చదరపు మీటర్ల ప్యానెళ్లు పదిహేను, 1,500 లీటర్ల ట్యాంకు. డిసెంబరు గడిలో ఎండ వంతు నూటికి 96 వచ్చింది. మిగతా నాలుగుకి కరెంటు హీటర్లు ఎందుకు, హాస్టల్‌కి దండగ అని కొటేషన్‌లో ఉన్న రెండు హీటర్లనీ నేనే కొట్టేశాను. రిపోర్టు కింద సంతకం కూడా నాదే.

డిసెంబరు చివర్లో కబురొచ్చింది. ముందు రోజే వెళ్లి అక్కడే పడుకుని, తెల్లవారుజామున ఐదింటికి బాత్‌రూముల దగ్గర నిలబడ్డాను. పిల్లలు మగ్గులు పట్టుకుని వరసలో ఉన్నారు. ముందు ఎనభై, తొంభై మందికి బాగానే వచ్చాయి. ఆ తరవాత గోరువెచ్చన, ఆ తరవాత అదీ లేదు. పదేళ్లుంటాయేమో ఒక పిల్లకి, తల నిండా నూనె. బకెట్‌లో రెండు వేళ్లు ముంచి నా వంక చూసింది. పాదాల మీద మాత్రం ఒక మగ్గు పోసుకుని వెళ్లిపోయింది. వార్డెనమ్మ ఒక్క మాటా అనలేదు. ఒక బకెట్ నింపి నా ముందు పెట్టి, "మీరూ చేసి రండి సార్" అంది. చేశాను. ఒళ్లు తుడుచుకుని థర్మామీటర్‌తో మేడ ఎక్కి చూస్తే ట్యాంకులోకి వచ్చే నీళ్లు 15 డిగ్రీలు.

పది డిగ్రీలే కదా అనుకుంటావు. లెక్క కట్టు. 25 నుంచి 40కి అయితే 3,000 లీటర్లకి 45,000 కిలో కేలరీలు, కరెంటు లెక్కలో 52 యూనిట్లు. 15 నుంచి 40కి అయితే 75,000, అంటే 87 యూనిట్లు. ఆ ప్యానెళ్లు డిసెంబరులో ఇచ్చేది అటూ ఇటూగా 60 యూనిట్లు. అంటే పిల్లల్లో మూడో వంతు మందికి నీళ్లు లేవని నా షీటులో ముందే రాసి ఉన్నట్టు, నేను చదవలేదంతే.

అదొక్కటే కాదు. ఎఫ్-చార్ట్ తప్పు కాదమ్మా. వందల కొద్దీ ట్రన్సిస్ లెక్కలు వడగట్టి తీసిన సూత్రం అది, కాకపోతే రోజంతా కాస్త కాస్త నీళ్లు వాడుకునే ఇళ్ల కోసం తీసింది. హాస్టల్‌లో మొత్తం వాడకం పొద్దున్న గంటన్నరలో అయిపోతుంది. సాయంత్రం నాలుగింటికి కాగిన నీళ్లు పదమూడు గంటలు చల్లారుతూ కూర్చుంటాయి. పైన వేడి, కింద చల్లన అని ట్యాంకులో పొరలుంటాయి కదా, కింద నుంచి చన్నీళ్లు జోరుగా దూకితే ఆ పొరలు కలిసిపోయి అంతా గోరువెచ్చన అవుతుంది. ఇవేవీ నా షీటుకి తెలీవు, నేను చెప్పలేదు.

ఆ రెండు హీటర్ల డబ్బూ మూడు నెలలు నా జీతంలోంచి కట్టాను. మీ అత్తయ్యకి ఇప్పటికీ తెలీదు. ఈ ఉత్తరం ఇంటికొచ్చినప్పుడు తీసుకురాకు.

అందుకని ఏ సాఫ్ట్‌వేర్ అని కాదు, దాన్ని మూడు ప్రశ్నలు అడుగు. నీటి వాడకం గంట గంటకీ ఇవ్వనిస్తుందా? వచ్చే నీళ్ల వేడి నెల నెలకీ మార్చనిస్తుందా? ట్యాంకుని పొరలుగా చూస్తుందా, ఒకే ముద్దగా చూస్తుందా? శామ్‌లో ఏడాదిలోని 8,760 గంటలకీ వాడకం విడివిడిగా ఇవ్వొచ్చు. నీది పంపుతో నడిచే సిస్టమే కాబట్టి దాంతో మొదలుపెట్టు, డబ్బు ఖర్చు లేదు. చివరి లెక్క కాలేజీలో ట్రన్సిస్ మీద సరిచూసుకో. ఆదివారం గడి విడిగా వెయ్యి. ఆ రోజు తలంట్లు, నీళ్లు రెట్టింపు పడతాయి. మీ అమ్మమ్మ ఆదివారం రాగి కాగు రెండుసార్లు నింపించేది, గుర్తుందా? కుంకుడు నురగ కంట్లో పడిందని వీధంతా వినేలా ఏడ్చేదానివి.

వాతావరణం ఫైలు మదనపల్లెదే వెతుకు. దొరక్కపోతే ఉపగ్రహాల లెక్క తీసుకో గానీ పక్క ఊరిది పట్టుకొచ్చి వేయకు. దిక్కు దగ్గర జాగ్రత్త: శామ్‌లో దక్షిణం 180, ట్రన్సిస్‌లో దక్షిణం 0. ఒకదాని అలవాటుతో రెండోదాంట్లో టైపు చేస్తే ప్యానెళ్లు ఉత్తరం తిరుగుతాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం కిక్కురుమనదు. ప్యానెల్ సామర్థ్యం అంకెలు కంపెనీ బ్రోషర్‌లోంచి కాదు, టెస్ట్ రిపోర్టులోంచి తీసుకో.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదటి రోజు దానికి చిన్న పరీక్ష పెట్టు. వంద లీటర్లని 25 నుంచి 60కి తేవడానికి నాలుగు యూనిట్లు పైచిలుకు కావాలి. రెండు చదరపు మీటర్ల ప్యానెల్ మీద రోజుకి మీటరుకి ఐదేసి యూనిట్ల ఎండ పడితే పది. అందులో సగానికి లోపే నీళ్లకి చేరుతుంది. అది ఎనిమిది అని చూపిస్తే సంబరపడకు, ఎక్కడో నువ్వు తప్పు కొట్టావు.

బోరు నీళ్ల ఉప్పు ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలీదు. రాగి గొట్టాల్లో సున్నంలా గట్టిపడి దారి మూసేస్తుంది. నీళ్లు పరీక్ష చేయించు, ఉప్పుంటే, ఆ నీళ్లు ప్యానెళ్లలోకి పోకుండా వేడిని మాత్రం అందించే హీట్ ఎక్స్ఛేంజర్ తప్పదు.

రెండు వేల లీటర్ల ట్యాంకంటే నీళ్లే రెండు టన్నులు. స్లాబు మోస్తుందో లేదో కాగితం మీద ఇంజినీరు సంతకం తీసుకో. మేడ మీదికి ఒక్కదానివే వెళ్లకు. రేకుల మీద మాత్రం కాలు పెట్టకు, ఎవరు ఎన్ని చెప్పినా సరే. నవ్వుకో, ఫరవాలేదు, ఇది మళ్లీ చదువు. మా జట్టులో ఒక కుర్రాడు సిమెంటు రేకు విరిగి కింద పడ్డాడు. బతికాడు గానీ మళ్లీ నిచ్చెన ఎక్కలేదు. మీ అమ్మతో పోట్లాట నేను పడతాను, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

హాస్టల్ వాళ్లకి "ఇంత వస్తుంది" అని రాసివ్వకు. "డిసెంబరులో ఇంత తగ్గుతుంది, అప్పుడు హీటర్ వెయ్యాలి" అని రాసివ్వు. ముందు వారం రోజులు పొద్దున్నే వెళ్లి ఎవరు ఎన్ని మగ్గులు పోసుకుంటున్నారో వార్డెన్ చేత లెక్క రాయించు.

డిసెంబరులో నేనూ వస్తాను. బస్సు ఎక్కే ఓపిక ఇంకా ఉంది. నా గాజు థర్మామీటర్ తెస్తాను. రెండోది నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు కాఫీలో పెట్టి పగలగొట్టావుగా, ఇది దాని జత. హాస్టల్ దగ్గర్లో గది చూసి పెట్టు, ఐదింటికల్లా అక్కడుండాలి.

మీ అమ్మకి ఉసిరికాయ పచ్చడి అందిందని చెప్పు. ఉప్పు ఎక్కువైందని చెప్పకు.

మామయ్య