‘ఓపియేట్ పాజిటివ్’ సరే.. ఆరు వారాల దగ్గు సంగతేంటి?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా అబ్బాయికి 27 ఏళ్లు, దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమైంది. మెడికల్‌లో మూత్రాన్ని స్ట్రిప్‌తో చూసి ‘ఓపియేట్ పాజిటివ్’ అన్నారు. వాడికి ఏ చెడు అలవాటూ లేదు. ముందురోజు గసగసాలు నూరి మటన్ వండాను. ఆరు వారాల నుంచి దగ్గు ఉంటే మెడికల్ షాపులో కోడీన్ సిరప్, లెవోఫ్లాక్సాసిన్ 500 గోలీలు తెచ్చుకుని వాడుతున్నాడు. కాస్త సన్నబడ్డాడు కూడా. స్ట్రిప్‌లోని యాంటీబాడీ ఈ మూడింటిలో దేన్ని పట్టుకున్నట్టు? ఎంత గట్టిగా పట్టుకుందో కొలిస్తే తెలుస్తుందా? రెండో పరీక్షకు ముందు నీళ్లు బాగా తాగిస్తే సరిపోతుందా? అదే సిరప్ నాలుగేళ్ల మనవరాలికి పట్టవచ్చా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, అబ్బాయికి టీబీ ఉందేమో చూసే కళ్లె పరీక్ష చేయించారా? ఆరు వారాల దగ్గు, సన్నబడటం అని రాశారు కానీ ఆ పరీక్ష మాట ఎక్కడా లేదు. నాకు టెన్షన్ అక్కడే ఉంది. మీరు అడిగింది చెప్పి అందులోకి వస్తాను.

ఆ స్ట్రిప్‌లో మార్ఫిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు రంగు కణాలకు అంటించి ఉంటాయి. మార్ఫిన్ అంటే నల్లమందులో ఉండే మత్తుమందు. ‘టి’ (టెస్ట్) గీత పడాల్సిన చోట మార్ఫిన్‌ను ముందే అతికించి ఉంచుతారు. మూత్రంలో మందు లేకపోతే యాంటీబాడీలు ఖాళీ చేతులతో అక్కడిదాకా వెళ్లి అతుక్కుంటాయి, గీత పడుతుంది. మందు ఉంటే దారిలోనే వాటి చేతులు నిండిపోతాయి, గీత పడదు. ప్రెగ్నెన్సీ కిట్‌కు ఇది తలకిందులు: గీత పడితే నెగెటివ్, లేతగా పడినా నెగెటివే. మీ అబ్బాయి స్ట్రిప్‌ను చదివినవాళ్లు లేత గీతను లెక్కలోకి తీసుకున్నారో లేదో ఒకసారి అడగండి.

ఇక పట్టు ఎంత గట్టిదన్న ప్రశ్న. దాన్ని ల్యాబ్‌లో కొలుస్తారు, కిట్ తయారుచేసేవాళ్లు చేసే పని అది. ఒక్కో మందు ఎంత ఉంటే మార్ఫిన్‌తో సమానమైన ఫలితం వస్తుందో చూసి, కిట్‌తో వచ్చే కాగితంలో పట్టిక వేస్తారు. కోడీన్, మార్ఫిన్ ఆకారంలో దాదాపు ఒకటే కాబట్టి రెండింటినీ యాంటీబాడీ గట్టిగానే పట్టుకుంటుంది. ట్రమడాల్, ఫెంటనిల్ అనే నొప్పి మందులు వేరే ఆకారంలో ఉంటాయి, వాటిని ఈ స్ట్రిప్ సాధారణంగా గుర్తుపట్టదు. అయితే మీ చేతిలోని రిపోర్టును బట్టి ఆ పట్టు ఎంతో ఎవరూ చెప్పలేరు. గట్టిగా పట్టుకునే మందు కొంచెమే ఉన్నా గీత పోతుంది, పట్టీపట్టనట్టు పట్టుకునేది బోలెడంత ఉన్నా పోతుంది. లెవోఫ్లాక్సాసిన్ ఈ రెండో రకం. అది యాంటీబయాటిక్, దానికీ నల్లమందుకూ ఏ చుట్టరికమూ లేదు. కానీ మింగిన 500 మిల్లీగ్రాముల్లో ఎక్కువ భాగం మారకుండా మూత్రంలోకే వచ్చేస్తుంది. కొన్ని కిట్లు తప్పుగా పాజిటివ్ చూపించడానికి అంత చాలు.

గసగసాలు నల్లమందు మొక్క గింజలే కాబట్టి వాటితోనూ పాజిటివ్ రావచ్చు. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల్లో పాజిటివ్ అనడానికి మిల్లీలీటరుకు 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2,000కు పెంచారంటే ఈ గింజల గొడవ వల్లే. 300 హద్దున్న స్ట్రిప్‌లు ఇప్పటికీ దొరుకుతాయి, మీవాళ్లు ఏది వాడారో కనుక్కోండి. అన్నట్టు, అబ్బాయి సూట్‌కేసులో గసగసాల పొట్లం పెట్టకండి. దుబాయ్‌లో అవి నిషేధం.

చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, నా మొదటి అనుమానం సిరప్ మీదే. తేల్చాలంటే అదే శాంపిల్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షకు పంపమనండి. అందులో ఏ మందు ఎంత ఉందో విడివిడిగా తెలుస్తుంది. కోడీన్‌లో కొంత ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది కాబట్టి రెండూ కనిపిస్తే కంగారు పడకండి. హెరాయిన్‌కు వేరే గుర్తు ఉంది, దాన్ని కూడా చూస్తారు. సిరప్ సీసా, గోలీల షీటు తీసుకెళ్లి, వాడినవన్నీ రాతపూర్వకంగా ఇవ్వండి. నీళ్లు తాగించి పంపొద్దు. మూత్రం పలచబడితే అందులో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం తగ్గి ల్యాబ్‌కు తెలిసిపోతుంది, లేని అనుమానం కొత్తగా పుడుతుంది.

ఇప్పుడు దగ్గు. పోయిన నెల ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. సంచిలోంచి నాలుగు ఖాళీ సిరప్ సీసాలు తీసి వరుసగా నా బల్ల మీద పెట్టాడు. రెండున్నర నెలల దగ్గు అది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుల్లబడిన చోటు స్పష్టంగా కనబడుతోంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. మొదటి సీసా రోజునే వచ్చి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంది. కోడీన్ దగ్గును ఆపుతుంది, దగ్గు తెప్పిస్తున్న జబ్బును ముట్టుకోదు. లెవోఫ్లాక్సాసిన్‌తో ఇంకో చిక్కు ఉంది. అది టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. అదొక్కటే వాడితే పది రోజులు తగ్గినట్టే ఉంటుంది. ఈలోగా జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది, మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. మొండి టీబీకి మేం దాచుకునే మందుల్లో అదొకటమ్మా!

కోడీన్, లెవోఫ్లాక్సాసిన్ రెండూ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలి. షాపువాళ్లది తప్పే. ఇరవై ఏడేళ్ల కొడుకు ఆరు వారాలు దగ్గుతుంటే సీసా మీద సీసా తెచ్చుకోనివ్వడం మీ తప్పు కూడా.

మీ అబ్బాయికి టీబీయే అని నేను అనడం లేదు. ఆస్తమా కావచ్చు, కడుపులోని పులుపు గొంతులోకి రావడం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె చూడాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. లెవోఫ్లాక్సాసిన్ ఎన్ని రోజులు వాడాడో అక్కడి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. వాళ్లు చూసేదాకా ఇంకో షీటు కొనొద్దు. కళ్లెలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా వీసా పనులు పక్కనపెట్టి ఆ రోజే వెళ్లండి.

పాపకు ఆ సిరప్ ఒక్క చుక్క కూడా పట్టొద్దు. పన్నెండేళ్లలోపు పిల్లలకు కోడీన్ ఇవ్వకూడదు. కొందరి ఒంట్లో అది మార్ఫిన్‌గా చాలా వేగంగా మారి ఊపిరి నెమ్మదిస్తుంది. ఇప్పటికే పట్టి ఉంటే, పాప మగతగా ఉన్నా, లేపితే లేవకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ అబ్బాయి కళ్లెలో టీబీ అని తేలితే పాపను కూడా చూపించాలి. ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు రాకుండా ముందే మందు ఇస్తారు.