ప్రశ్న – జవాబు: టిష్యూ కాగితం దగ్గర ఇంజనీరుకు పనేముంది?

ప్రశ్న: తిరుపతిలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాను. టిష్యూ కాగితాన్ని న్యాప్‌కిన్లుగా, కిచెన్ రోల్స్‌గా తయారుచేసే ఒక కర్మాగారంలో ఎంబోసింగ్ (కాగితం మీద ఉబ్బెత్తు అచ్చు వేయడం), కొత్త ఉత్పత్తుల విభాగంలో ట్రైనీగా అవకాశం వచ్చింది. కాగితం మీద పూలు అచ్చువేయడానికి ఇంజనీరు చదువు ఎందుకని మా పెదనాన్నగారు అంటున్నారు. వాహనాల కంపెనీలో ఖాళీలు వచ్చేదాకా ఆగమని ఆయన సలహా. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: శ్రీసిటీలో ఇసుజు వాహనాల కర్మాగారం కళ్లెదుటే ఉండగా, చెయ్యి తుడిచి పారేసే కాగితం దగ్గర కొలువంటే ఏ పెద్దవారికైనా మనసు ఒప్పదు. కానీ ఆ పూలు అందం కోసమే ఉన్నాయనుకుంటే ఆ ఉద్యోగం సంగతి సగమే తెలిసినట్టు.

మిల్లులో టిష్యూ యాంకీ అనే పెద్ద ఆవిరి సిలిండరు మీద ఆరుతుంది. అక్కడ దాన్ని బ్లేడు గీరి తీస్తున్నప్పుడు పడే సన్నని ముడతల వల్లే దానికి మెత్తదనం, సాగే గుణం వస్తాయి. ఆ తర్వాత అది జంబో రోల్‌గా మీ కర్మాగారానికి చేరుతుంది. చదరపు మీటరుకు పదిహేను, ఇరవై గ్రాములు తూగే అలాంటి పొరలు రెండింటిని ఉన్నవున్నట్టు ఒకదానిమీద ఒకటి అతికిస్తే, వాటి మధ్య నీరు నిలవడానికి చోటే ఉండదు. చెక్కిన ఉక్కు రోలరుకూ రబ్బరు రోలరుకూ మధ్య నలిగినప్పుడు కాగితం మీద బుడిపెలు లేస్తాయి, పొరల మధ్య గాలి గదులు ఏర్పడతాయి, మందం పెరుగుతుంది, నీరు త్వరగా, ఎక్కువగా ఇంకుతుంది. అదే పొడవు కాగితంతో రోల్ లావుగా కనిపిస్తుందన్న వ్యాపార లాభం కూడా ఇందులో ఉంది, దాన్ని దాచవలసిన పనిలేదు.

ఈ లాభమేదీ ఉచితంగా రాదు. బుడిపె లేచిన ప్రతిచోటా నారల మధ్య బంధాలు కొన్ని తెగి, కాగితం బలం తగ్గుతుంది. ఎంత బలం వదులుకుని ఎంత మందం, ఎంత పీల్పు సంపాదించాలన్నదే మీరు రోజూ తేల్చవలసిన లెక్క. బుడిపె ఎత్తు, దాని అంచు వాలు, చదరపు సెంటీమీటరుకు ఎన్ని బుడిపెలు, రబ్బరు గట్టిదనం, రోలర్ల ఒత్తిడి, వీటిలో ఏ ఒక్కటి మారినా ఆ లెక్క మారిపోతుంది. రెండు పొరల బుడిపెలు కొనకు కొన తగిలేలా అతికిస్తే మందం బాగా వస్తుంది, కానీ ఒక్కో పొరకు ఒకటిగా ఉండే రెండు ఉక్కు రోలర్ల నడక ఏమాత్రం తప్పకూడదు, పైగా అదురు, అరుగుదల ఎక్కువ. ఒక పొర బుడిపెలు రెండో పొర గుంతల్లో కూర్చునేలా చేస్తే మందం కొంత తగ్గుతుంది కానీ యంత్రం అదురు తక్కువగా, సాఫీగా నడుస్తుంది. గమ్ బుడిపెల కొనలకు మాత్రమే అంటాలి. ఎక్కువైతే కాగితం అట్టలా బిర్రబిగుస్తుంది.

మీ చదువు ఎక్కడ పనికివస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. యంత్రం ఆపి, రోలర్ల మధ్య ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్లకాగితం మీద కార్బన్ కాగితం పరచి, రోలర్లను దగ్గరకు నొక్కి విడదీస్తారు. తెల్లకాగితం మీద పడిన నల్లని పట్టీ రెండు చివర్లలో వెడల్పుగా, నడుమ సన్నగా ఉంటే, ఒత్తిడికి రోలరు వంగుతోందని అర్థం. ఆ వంపును సరిదిద్దడానికి రబ్బరు రోలరును నడుమ కాస్త లావుగా తీర్చాలి. ఎంత లావుగా అన్నది మీరు రెండో సంవత్సరంలో చదివిన దూలం వంగుడు లెక్కే. రబ్బరు నలిగీ నలిగీ వేడెక్కుతుంది కాబట్టి ఉదయం సరిగ్గా ఉన్న పట్టీ మధ్యాహ్నానికి మారిపోవచ్చు కూడా.

కొత్త ఉత్పత్తుల వైపు చూస్తే, కిచెన్ టవల్ తడిసినా చిరగకూడదు కనుక మిల్లులోనే దానికి తడిబలాన్నిచ్చే రెజిన్ కలుపుతారు. టాయిలెట్ రోల్ నీళ్లలో విడిపోవాలి కనుక దానికి అది పనికిరాదు. బలం, మందం, నీటి పీల్పు కొలిచే పద్ధతులు ఐఎస్ఓ 12625 ప్రమాణాల్లో ఉన్నాయి. పరీక్షకు ముందు కాగితాన్ని 23 డిగ్రీల వేడిమి, 50 శాతం గాలి తేమ ఉన్న గదిలో ఉంచాలి. మే నెల తిరుపతిలో, ఏసీ లేని గదిలో కొలిచిన అంకెను నమ్మకండి.

ఉద్యోగంలో చేరమనే నా సలహా. చేరేముందు రెండు సంగతులు కనుక్కోండి. మొదటిది, అక్కడ పరీక్షశాల ఉందా అని. రెండోది, రోలర్ల మీది డిజైన్‌ను వారే రూపొందిస్తున్నారా, లేక కొనుగోలుదారు తెచ్చిన నమూనాను నకలు చేయిస్తున్నారా అని. నకలు మాత్రమే అయితే కొత్త ఉత్పత్తుల విభాగమన్నది పేరుకే. చేరాక మొదటి ఏడాది కంప్యూటరు ముందుకంటే యంత్రం దగ్గరే ఉంచమని మీరే అడగండి. నారదుమ్ము, రొద, రాత్రి షిఫ్టులు తప్పవు. ఆ దుమ్ముకు నిప్పు ప్రమాదం కూడా ఉంటుంది కనుక శుభ్రత విషయంలో రాజీ పడే చోటైతే వద్దనుకోండి. పని పట్టుబడ్డాక రోలర్లు చెక్కే సంస్థలు, గమ్ తయారీదారులు, యంత్రాల కంపెనీలు అన్నీ ఇలాంటి అనుభవం ఉన్నవారికోసమే చూస్తాయి. ఇటలీలోని లుక్కా పరిసరాలు ఈ యంత్రాలకు పెట్టింది పేరు.

ప్రశ్న: చిత్తూరు దగ్గర చిన్న న్యాప్‌కిన్ యంత్రం నడుపుతున్నాం. నవంబరు వానల్లో అచ్చు నిలవడం లేదు. ఒత్తిడి పెంచితే డిజైన్ వెంబడే కాగితం చిరుగుతోంది. రోలరు మార్చాలా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రోలరు జోలికి ఇప్పుడే పోకండమ్మా. తేమ పీల్చిన కాగితంలో నారలు సడలి, లేచిన బుడిపె మళ్లీ అణగిపోతుంది. ఒత్తిడి పెంచితే బుడిపె నిలవదు సరికదా, నారలు తెగుతాయి. జంబో రోల్స్‌ను సిమెంటు నేల మీద కాకుండా చెక్క ప్యాలెట్ల మీద పెట్టి, వాడే క్షణం దాకా ప్లాస్టిక్ చుట్ట విప్పకండి. మడిచిన న్యాప్‌కిన్లను వెంటనే ప్యాక్ చేసి సీలు వేయండి. ఉక్కు రోలరు గుంతల్లో నారదుమ్ము గట్టిపడినా అచ్చు మసకబారుతుంది కనుక షిఫ్టు ముగిసేటప్పుడు మెత్తని బ్రష్షుతో తీయించండి. ఇనుప బ్రష్షు వాడనివ్వకండి. ఇవన్నీ చేశాక, ఎండ కాసిన రోజున కూడా అదే తీరున ఉంటే, అప్పుడు రబ్బరు గట్టిపడిందేమో, గట్టిదనం కొలిచే షోర్ మీటరుతో చూపించండి. ఉక్కు రోలరు చెక్కించడంకంటే రబ్బరు మార్పించడం చాలా చవక.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. కాగితం మీద పైచదువులు ఎక్కడున్నాయి?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఐఐటీ రూర్కీకి చెందిన కాగిత, ప్యాకేజింగ్ సాంకేతిక విభాగం ఉత్తరప్రదేశ్‌లోని సహరాన్‌పూర్ క్యాంపస్‌లో ఉంది. కేంద్ర గుజ్జు, కాగిత పరిశోధన సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉంది. గేట్ రాయండి. అంతకుముందు ఒక వేసవి సెలవుల్లో ఏదైనా కాగితపు మిల్లులో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించండి; ఆ వేడి, ఆ తడి, ఆ వాసన మీకు సరిపడతాయో లేదో అక్కడే తేలిపోతుంది.