రెండోసారి వీచిన గాలి

అమ్మాయ్,

నీ కవరు అందింది. పదకొండు కాయితాలూ చదివాను. నాలుగో కాయితం దగ్గర మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది, కోపంతో.

అమెరికన్ కవి ఎడ్గార్ ఎలన్ పో, పోయిన ప్రియురాలి గురించి చెప్పిన 'ఆనబెల్ లీ' కవిత మీద వ్యాసం రాసి, పక్కనే నీ తెలుగు సేత కూడా పెట్టావు. తెలుగు నడక బాగుంది. ఆ ముచ్చట అంతటితో సరి. నా పేచీ నాలుగో చరణం దగ్గర. దాన్ని సగానికి కోసేసి, "గాలి సంగతి మూడో చరణంలోనే వచ్చేసింది కనుక పునరుక్తి దోషం లేకుండా తీసేశాను" అని అడుగున రాశావు. ఎవరు నేర్పారమ్మా నీకు ఈ కత్తెర?

మనిషి పోయిన ఇంటికి పలకరింపుకి ఎప్పుడైనా వెళ్ళావా? ఎలా జరిగిందని ఒకరు అడిగితే చెబుతారు. ఇంకొకరు గడప తొక్కగానే మళ్ళీ మొదటినుంచీ చెబుతారు. పక్కనే కూర్చున్నావు గనక రెండుసార్లూ వింటావు. చెవి పెట్టి వింటే రెండోసారి ఎక్కడో ఒక కొత్త ముక్క పడుతుంది. మొదట "జ్వరం వచ్చింది" అన్నావిడే, తర్వాత "జ్వరం వచ్చిందా, నేనేమో కాస్త కునుకు తీశాను" అంటుంది. ఆ కునుకు బయటికి రావడానికే అంత కథా రెండోసారి నడిచింది.

పో చేసింది అదే. మూడో చరణంలో మబ్బులోంచి గాలి వీచి పిల్లని వణికించింది, అంతే. పెద్దింటి చుట్టాలు వచ్చి ఎత్తుకుపోయారు, సముద్రం పక్కన సమాధిలో పెట్టి మూసేశారు. నాలుగో చరణంలో అదే గాలి మళ్ళీ వస్తుంది. ఈసారి రాత్రిపూట వస్తుంది. ఈసారి చంపుతుంది. మొదటి చెప్పడంలో రాత్రీ లేదు, చంపడమూ లేదు. ఇంకో సంగతి చూశావా? నలభై ఒక్క పంక్తుల్లో "ఆమె చనిపోయింది" అన్న మాట ఒక్కచోటా లేదు. చంపింది అంటాడు గాని, చనిపోయింది అనడు. ఎత్తుకుపోయారు అంటాడు, మూసేశారు అంటాడు. అన్నీ ఎవరో చేసిన పనులే. నీ తెలుగులో ఆ పిల్ల రెండుచోట్ల "కన్నుమూసింది". ఆయన ప్రాణం పోయినా అనని మాటని నువ్వు ఆయన నోట్లో కుక్కావు.

పునరుక్తి దోషం అంటూ లక్షణకారుల పేరు ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. దండి తన సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం కావ్యాదర్శంలో పునరుక్తిని దోషాల్లో లెక్కపెట్టిన చోటే ఒక మినహాయింపు కూడా పెట్టాడు. జాలిలాంటి భావం పొంగి వచ్చినప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పడం తప్పు కాదు, పైగా అలంకారం అన్నాడు. సగం శాస్త్రం చదివి కత్తెర పట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

ఇది కరుణరసం అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాట్యశాస్త్రంలో భరతుడు కరుణకీ, విప్రలంభానికీ, అంటే ఎడబాటులోని శృంగారానికీ మధ్య గీత ఎక్కడ గీశాడో ఓసారి చూడు. కరుణలో ఆశ తెగిపోయి ఉంటుంది, విప్రలంభంలో మళ్ళీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటుంది. మరి కవితలో మాట్లాడే ఈ మనిషికి ఆశ తెగిందా? దేవదూతలూ సముద్రం అడుగున దయ్యాలూ కలిసినా మా ఇద్దరినీ విడదీయలేవంటాడు. పిల్ల సమాధిలో ఉంది, తనేమో ఎడబాటు లెక్కలో మాట్లాడుతున్నాడు. కవిత బిగువంతా ఆ తేడాలోనే ఉంది. భయం కూడా అందులోనే. చివరి చరణంలో రాత్రంతా ఆమె పక్కన, సమాధిలోనే పడుకుంటానంటాడు. నువ్వేమో "సమాధి చెంత కూర్చుని జ్ఞాపకాలు నెమరువేసుకున్నాడు" అని సర్దేశావు. పడుకున్నవాణ్ణి లేపి కూర్చోబెట్టావు! పైగా భూతకాలంలో పెట్టావు. అంతవరకూ జరిగిపోయిన కథగా నడిచింది, ఆఖరి చరణానికి వచ్చేసరికి వర్తమానంలో పడింది. అది చూడకపోతే ఇంక చూసిందేమిటి? మన "పడుకుంటాను" ఎంత అక్కరకొచ్చే మాటో! రోజూ పడుకుంటాననీ అవుతుంది, ఈ రాత్రీ పడుకుంటాననీ అవుతుంది. మన భాషలో పోయినవాళ్ళ గురించి కాలం తగలకుండా కూడా చెప్పుకోవచ్చు. "మా అన్నయ్యకి చీకటంటే భయం." క్రియే లేదు. ఆ వాక్యంలో అన్నయ్య ఇంకా ఉన్నాడు.

వ్యాసంలో రెండు కాయితాలు వర్జీనియా గురించే రాశావు. నిజమే, పో భార్య 1847 జనవరిలో క్షయతో పోయింది, ఇరవై నాలుగేళ్ళకి. ఈ కవిత 1849లో రాశాడు, అదే ఏడు అక్టోబరు 7న ఆయనా పోయాడు, రెండు రోజులకి ఇది అచ్చయింది. కానీ అందగత్తె మరణాన్ని మించిన కవితావస్తువు లేదని ఆయన రాసింది 1846లో. అప్పటికి భార్య బతికే ఉంది, మంచం మీద. ఆ మాట రాస్తున్నప్పుడు పక్క గదిలో దగ్గు వినబడుతూ ఉండేదేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. జీవితచరిత్రతో కవితకి తాళంచెవి దొరికిందనుకునేవాళ్ళు ఈ తారీకుల దగ్గర కాస్త ఆగాలి.

ఇక నీ ముగింపు: "నిజమైన ప్రేమ మరణాన్ని జయిస్తుందన్నదే కవి సందేశం." ఈ సందేశం అన్న మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కారణం ఉంది. మా ఆవిడ పోయిన ఏడాది నేనూ ఒక కవిత రాశాను, పెద్దదే. అప్పట్లో పేరున్న ఒక పత్రికకి పంపితే సంపాదకుడు కార్డు రాశాడు: "దుఃఖం బాగా పండింది. పాఠకుడికి ఏమీ ఇవ్వకుండా వదిలేశారు. చివర కాస్త ఆశ చేర్చగలరా?" చేర్చాను. తూర్పు, వెలుగు, చిగురు... నాలుగు పంక్తులు. పావుగంట పట్టలేదు. అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలూ వచ్చాయి, అన్నీ ఆ నాలుగు పంక్తుల గురించే. ఆ సంచిక ఇంట్లోనే ఉంది, మళ్ళీ తెరవలేదు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా, ఆ పంక్తులు రాసిన చెయ్యి మాత్రం నాదే.

ఏ పత్రికకి పంపాలి, ఛందస్సు నేర్చుకోవాలా, పుస్తకం వేసుకుంటే ఎంతవుతుంది అని చాలా అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు.

తొమ్మిదో కాయితం అంచున ఒక వాక్యం రాసి కొట్టేశావు. వెలుతురుకి పెట్టి చదివాను. "తాతయ్య పోయి ఏడేళ్ళయినా అమ్మమ్మ రాత్రిపూట వీధి తలుపు గడియ వెయ్యదు." మొత్తం వ్యాసంలో ఆ కవిత అర్థమైన మనిషి రాసిన వాక్యం ఇదొక్కటే. ఎందుకు కొట్టేశావు? విమర్శలో అమ్మమ్మలు ఉండకూడదనా?

కాయితాలు తిరిగి పంపుతున్నాను. ఎర్ర సిరా గీతలన్నీ నావే. ఆ వాక్యం మీద నువ్వు గీసింది పెన్సిలు గీత కాబట్టి, రబ్బరు పెట్టి చెరిపేశాను.

ఉంటాను.