పాత జీపు మీటర్లు ఊడి రావట్లేదా? ముందు నుంచి పీకకండి

డాష్‌బోర్డుకి పెయింటు వేయిద్దామంటే పాత జీపులో గుండ్రటి మీటర్లు బిగుసుకుపోయి కదలట్లేదు, స్క్రూడ్రైవర్ పెట్టి లేపొచ్చా అని అడిగారు కదా. వద్దండీ. ఆ పని నేను చేసి చూశాను. స్పీడోమీటరు చుట్టూ ఉండే రింగు వంకరపోయింది, అద్దం చిట్లింది, మీటరు మాత్రం వెంట్రుకవాసి కూడా జరగలేదు.

మాది విజయనగరం. మా మావయ్యగారి మహీంద్రా జీపు సముద్రం ఒడ్డున కోనాడ దగ్గర షెడ్డులో ఎనిమిదేళ్లు పడి ఉంది, ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. నేను అలా పీకుతుంటే, సాలూరులో చాన్నాళ్లు లారీల పని చేసొచ్చిన ఒక మేస్త్రీ చూసి “ఏటి బాబూ, అదేటి డబ్బా మూతనుకున్నావేటి? దాని పట్టు ఎనకాలుంది” అన్నాడు. అంతే మరి. మీటరు వెనక యూ ఆకారంలో క్లాంపు ఉంటుంది, దాన్ని రెండు చిన్న నట్లు పట్టుకుని ఉంటాయి. అవి తీశాక కూడా రాలేదంటే, అంచు కింద ఉన్న రబ్బరు రింగు ఎండిపోయి పెయింటుకి అతుక్కుందని అర్థం.

ఏది ముట్టుకునే ముందైనా బ్యాటరీ వైరు తీసేయండి. ఇది మామూలుగా అందరూ చెప్పే మాటే అని వదిలేయకండి, ఆ మీటర్లలో బ్యాటరీ ఛార్జ్ అవుతోందో లేదో చూపించే ఆంప్ మీటరు ఒకటి ఉంటుంది, స్టార్టర్ మోటారుది తప్ప బండి కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోతుంది, తాళం ఆపేసి ఉన్నా అక్కడ కరెంటు ఉంటుంది. పానా ఒక కొస ఆ నట్టుకీ ఇంకో కొస డాష్‌బోర్డు రేకుకీ తగిలిందా, ఇక చూడాలి మెరుపులు. నా పానా మీద ఆ కాలిన మచ్చ ఇంకా ఉంది.

వైర్లు విప్పే ముందు ఫోటోలు తీసుకుని, ఒక్కోదానికి ప్లాస్టర్ ముక్క చుట్టి పేరు రాయండి. ఆంప్ మీటరు వైర్లు రెండూ తారుమారైతే బ్యాటరీ ఛార్జ్ అవుతున్నా ముల్లు డిశ్చార్జ్ వైపు చూపిస్తుంది, ఊరికే టెన్షన్. వెనక నుంచి వైరు కాకుండా సన్నటి గొట్టం వస్తుంటే దాన్ని కొయ్యకండి, మెలిపెట్టకండి. టెంపరేచర్ మీటరుకి ఉండే ఆ గొట్టం తెగితే మీటరు పోయినట్టే.

నట్లకి తుప్పు వదిలించే డబ్ల్యూడీ 40 స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న పావు చుట్టు అటూ ఇటూ ఆడిస్తూ తీయండి. ఒక్కసారి బలం పెడితే బోల్టు విరుగుతుంది, నాది ఒకటి విరిగింది కూడా. స్పీడోమీటరు కేబుల్ నట్టు చేత్తోనే వస్తుంది.

ఇక రబ్బరు. హెయిర్ డ్రయ్యర్‌తో చుట్టూ వేడి చూపించి, రింగుకీ రేకుకీ మధ్య సన్నటి నైలాన్ దారం దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ చుట్టూ కోసుకురండి. నాకు కోనాడలో వలలు బాగుచేసుకుంటున్న ఆయన మూర దారం తెంపిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. తర్వాత వెనక నుంచి రెండు బొటనవేళ్లతో నెడుతూ కొద్దికొద్దిగా తిప్పితే మీటరు చప్పుడు చేసుకుంటూ బయటికొచ్చేసింది. పెయింటుకి గీత కూడా పడలేదు.

స్పీడోమీటరు కేబుల్ లోపలి తీగకి గ్రీజు రాస్తే మీటరు వైపు కొసన రెండంగుళాలు వదిలేయండి, లేకపోతే గ్రీజు మీటరులోకి ఎక్కి ముల్లు అంటుకుపోతుంది.

మీరు పెయింటు వేయిస్తున్నారు కాబట్టి ఇంకొకటి. మీటర్లకి ఎర్త్ ఆ క్లాంపు రేకుని తాకే చోటే అందుతుంది, అక్కడ పెయింటు గీకేసి బిగించండి. నేను అది చూసుకోక, డీజిల్ ముల్లు పిచ్చిపిచ్చిగా ఆడుతుంటే తప్పు ట్యాంకులో ఉందనుకుని దాన్ని దింపించాను, కూలీ దండగ.